రంగు వేసిన గుమ్మానికీ గోడకీ బీడింగ్ బద్ద అతికించడం: మొదటి నుంచి చివరి దాకా

శ్రావణమాసంలో, వరలక్ష్మీ వ్రతానికి రెండు రోజుల ముందు, మా దేవుడి గది గుమ్మానికి అతికించిన టేకు బీడింగ్ బద్ద (అంచుల వెంట అందానికి వేసే సన్న చెక్కపట్టీ) ఒకటి రాత్రిపూట ఊడి కింద పడింది. పొద్దున్నే తీసి వెనక్కి తిప్పి చూశాను. జిగురు రాసిన మేరంతా ఆకుపచ్చ ఎనామిల్ పొర నిండుగా అంటుకుని ఉంది, ఎప్పుడో వేసిన బ్రష్ గీతలతో సహా. గుమ్మం మీద సరిగ్గా ఆ మేర పాత చెక్క బయటపడింది. అంటే జిగురు చెక్కని వదల్లేదు, రంగునీ వదల్లేదు. రంగే గుమ్మాన్ని వదిలేసింది.

ఆ బద్ద ఇప్పటికీ దాచుకున్నాను. జిగురు మంచిది కాదేమో, ఇంకా ఖరీదైంది కొనాలేమో అని ఎవరైనా అడిగితే అదే చూపిస్తాను. రంగు మీద అతికించినప్పుడు మన బద్ద వేలాడేది జిగురు మీద కాదు, రంగు పొర మీద. గుమ్మమైతే ఆ రంగు కింద చెక్క ఉంటుంది, గోడైతే లప్పం (పుట్టీ), లప్పం కింద సిమెంటు పూతో సున్నమో ఉంటాయి. ఈ వరసలో ఏది అన్నిటికంటే బలహీనమో అక్కడే తెగుతుంది. అందుకే ఈ పనిలో సగం పైగా జిగురు డబ్బా మూత తీయకముందే అయిపోతుంది. నేను కూడా ఇక్కడ ఎక్కువ చెప్పేది ఆ సగం గురించే.

ముందు ఆ రంగు ఏమిటో తేల్చుకోండి

మన వైపు ఇళ్లలో నాలుగు రకాలు కనిపిస్తాయి. పాత మండువా ఇళ్లలో సున్నం, ఆ తర్వాత కట్టినవాటిలో డిస్టెంపర్, ఇప్పటి డాబాల్లో ఎమల్షన్, గుమ్మాలకీ తలుపులకీ కిటికీలకీ ఎనామిల్. చూడగానే తెలియకపోతే ఇలా చేయండి.

తడి వేలితో గోడని గట్టిగా పదిసార్లు రుద్దండి. వేలికి తెల్లగానో రంగుగానో అంటితే అది సున్నమో డిస్టెంపరో. దాని మీద ఏ జిగురూ నిలవదు, పొడి మీద అతికించినట్టే అవుతుంది. వేలికేమీ అంటకపోతే దూదిని స్పిరిట్‌లో తడిపి రుద్దండి, మందుల షాపులో దొరికే సర్జికల్ స్పిరిట్ చాలు. రంగు మెత్తబడి దూదికి అంటితే ఎమల్షన్, చెక్కుచెదరకపోతే ఎనామిల్.

ఇప్పుడు అసలు పరీక్ష. రంగు ఏదో తెలిస్తే సరిపోదు, అది కింద దేన్ని ఎంత గట్టిగా పట్టుకుందో తెలియాలి. బద్ద కింద దాగిపోయే చోట కొత్త బ్లేడుతో అంగుళంన్నర పొడవున ఇంటూ గుర్తు గీయండి. గీత రంగు దాటి కిందికి దిగాలి. దాని మీద అట్టపెట్టెలకి వేసే గోధుమరంగు ప్యాకింగ్ టేపు అంటించి, గోటితో బాగా రుద్ది, ఒక నిమిషం ఆగి, ఒక్క లాగుడులో పీకేయండి. తర్వాత టేపు వెనక చూడండి.

టేపు శుభ్రంగా వస్తే ఆ రంగుని నమ్మొచ్చు. గీతల పక్కన సన్నటి పొట్టులా వస్తే సన్న బద్దలకి ఫరవాలేదు, వెడల్పు పలకలకైతే రంగు గీకాల్సిందే. రంగు పెచ్చుగా వచ్చి దాని వెనక తెల్లటి పొడి కనిపిస్తే తప్పు రంగుది కాదు, లప్పానిది. పైన ఎంత మంచి ఎమల్షన్ వేసినా లాభం లేదు, ఆ మేర సిమెంటు పూత దాకా గీకాలి. టేపుకి ఇసుక రేణువులు అంటితే పూతే గుల్లయింది. అక్కడ జిగురు ఆలోచన మానేసి తాపీ మేస్త్రిని పిలవండి.

ఒక గుమ్మానికి ఒకచోట చూసి ఊరుకోవద్దు. పైన, మధ్యన, గడప దగ్గర, మూడు చోట్లా చూడండి. మా గుమ్మానికి పైన టేపు శుభ్రంగానే వచ్చింది, గడపకి జానెడు ఎత్తులో మాత్రం అరచేతి పెచ్చు వచ్చేసింది. రోజూ గడప కడిగిన నీళ్లు కిందనుంచి చెక్కలోకి పాకుతూ ఉంటాయి మరి.

కొత్తగా వేసిన రంగైతే ఇంకో మాట. చేతికి అంటనంత మాత్రాన ఆరినట్టు కాదు. ఎమల్షన్‌కి రెండు మూడు వారాలు, ఎనామిల్‌కి కనీసం నెల ఇవ్వండి. పెళ్లి ముహూర్తం దగ్గర పడిందని నిన్న రంగు వేసి ఇవాళ బీడింగ్ పెట్టిన గుమ్మాలు చాలా చూశాను. అలా తొందరపడాల్సి వస్తే బద్దలు ముందు అతికించి రంగు తర్వాత వేయించుకోవడం నయం.

చెమ్మ సంగతి

మన గోదావరి డెల్టాలో ఈ మాట ఎంత చెప్పినా తక్కువే. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయినప్పటి నుంచి కాలువల నీళ్లు మన పొలాల్నీ కొబ్బరితోటల్నీ బతికిస్తున్నాయి. ఆ నీళ్ల వల్లే మన ఇళ్ల పునాదుల కింద నేల ఏడాదిలో ఎక్కువ నెలలు తడిగా ఉంటుంది. ఇటుక గోడ ఆ తడిని ఒత్తిలా పైకి పీలుస్తుంది. అడుగు, రెండడుగుల ఎత్తున రంగు ఉబ్బి, గీరితే ఉప్పులా తెల్లటి పొడి రాలుతుందే, అది ఆ తడితో పైకొచ్చిన లవణమే. 2022 జూలై వరదలో నీళ్లెక్కిన లంక గ్రామాల ఇళ్లలో కొన్ని గోడలకి పైన కొత్త రంగు కనిపించినా లోపలి పూత దెబ్బతినే ఉండొచ్చు. అలాంటి ఇంట్లో టేపు పరీక్ష మరీ జాగ్రత్తగా చేయండి.

చెమ్మ ఉందో లేదో తెలియడానికి ఒక పాలిథిన్ కవరుని అడుగు పొడవు, అడుగు వెడల్పు కత్తిరించి, నాలుగు వైపులా గాలి చొరకుండా టేపు వేసి గోడకి అంటించండి. రెండు రోజులు వదిలేయండి. కవరు లోపలి వైపు నీటి బొట్లు కనిపిస్తే, లేదా గోడ ఆ మేర ముదురు రంగుకి తిరిగితే ఆ గోడలో తడి ఉంది. ముందు చెమ్మకి వైద్యం చేయించాలి. తడి గోడ మీద బద్ద అతికిస్తే ఊడడం ఒక్కటే కాదు, బద్ద వెనక బూజు పడుతుంది, ఆ దారినే చెద ఎక్కుతుంది.

గోడ పనికి నేను ఎంచుకునే కాలం వేసవిలో కాలువలు కట్టేసిన రోజులు. అప్పుడు నూతుల్లో నీళ్లు దిగుతాయి, గోడలు ఏడాది మొత్తంలో కాస్త పొడిబారేది అప్పుడే. గుమ్మాలకీ తలుపులకీ అయితే సంక్రాంతి నుంచి ఉగాది దాకా బాగుంటుంది. చెక్క అప్పుడు మరీ ఉబ్బీ ఉండదు, మరీ కుదించుకుపోయీ ఉండదు. ముసురు పట్టిన శ్రావణ భాద్రపదాల్లో మాత్రం ఈ పని పెట్టుకోవద్దు. ఉబ్బిన చెక్కని కోసి అతికిస్తే వేసవికి అది కుదించుకుపోయి మూలల్లో సందులు విచ్చుకుంటాయి.

బద్ద ఎంపిక

టేకు కొంటే చేవ, అంటే లోపలి ముదురు చెక్క, చూసి కొనండి. పక్కన తెల్లగా కనిపించే పైచెక్కకి చెద త్వరగా పడుతుంది. ఎండీఎఫ్ (చెక్క నారని జిగురుతో అదిమి చేసిన పలక) బీడింగ్ నున్నగా, చవగ్గా ఉంటుంది గానీ తడి తగిలితే ఉబ్బి పెటుకులు లేస్తుంది. మన ఊళ్లలో మేడ మీద పడకగది గోడకి తప్ప నేను వాడమని చెప్పను, గడప దగ్గరికైతే అసలు వద్దు.

బరువు గురించి జనం ఎక్కువ భయపడతారు. ముప్పావు అంగుళం వెడల్పు, పావు అంగుళం మందం ఉన్న టేకు బద్ద పదడుగులది తూచితే పావుకిలో కూడా ఉండదు. నాలుగు అంగుళాల వెడల్పు, అరంగుళం మందం ఉన్న పదడుగుల పలక కూడా సుమారు రెండున్నర కిలోలే. ఆ పొడవంతా జిగురు ఉంటే ఈ బరువు లెక్కలోది కాదు. బద్దని గోడ నుంచి లాగేది దాని బరువు కాదు, దాని వంపు. వంకరగా ఉన్న బద్ద రాత్రింబవళ్లు తన ఆకారానికి తిరిగి వెళ్లాలని గుంజుతూనే ఉంటుంది.

అందుకే షాపులోనే బద్దని కంటి దగ్గర పెట్టుకుని తుపాకీ గురి చూసినట్టు చివరి దాకా చూడండి. ఇంటికి తెచ్చాక చదునైన గచ్చు మీద పరిచి, లేచిన చోట రెండు వేళ్లతో నొక్కండి. రెండు వేళ్లకి ఒదిగితే జిగురుకీ ఒదుగుతుంది. అరచేత్తో బరువు వేస్తేగానీ ఆనకపోతే దానికి జిగురుతో పాటు మేకులో స్క్రూలో తప్పవు. వెడల్పు పలకలకి ఎలాగూ గోడలో ప్లగ్గు దించి స్క్రూ వేయడమే మంచిది.

కొన్న రోజే అతికించొద్దు. ఏ గదిలో పెడతారో ఆ గదిలోనే వారం రోజులు కింద పుల్లలు పెట్టి, గాలి తగిలేలా పరిచి ఉంచండి. సా మిల్లులో ఆరుబయట వానకి తడిసిన చెక్క మీ గది గాలికి అలవాటు పడాలి. ఈ వారంలో వంకర తిరిగే బద్దలు తిరిగిపోతాయి, వాటిని పక్కన పెట్టేయొచ్చు.

కొలత ఉదాహరణకి, ఏడడుగుల ఎత్తు, నాలుగడుగుల వెడల్పు ఉన్న గుమ్మం ఒక వైపు చుట్టడానికి 18 అడుగులు కావాలి. ఎనిమిదడుగుల బద్దలు మూడు కొంటే నిలువులకి రెండు, పైన అడ్డానికి ఒకటి సరిపోతాయి. మూడోదాంట్లో మిగిలిన ముక్క మూల కోతలు సరిచూసుకోవడానికి పనికొస్తుంది.

ఏ జిగురు

తెల్లటి వడ్రంగి జిగురు, అంటే మనం ఫెవికాల్ అని పిలిచే రకం, తనలోని నీళ్లు బయటికి పోతేనే గట్టిపడుతుంది. చెక్కకి చెక్క అతికించినప్పుడు రెండు వైపులా నీళ్లు పీల్చుకుంటాయి. రంగు మీద పెడితే ఆ వైపు దారి మూసుకుపోతుంది, ఒక్క బద్ద వైపే పీల్చాలి. ఆరడానికి చాలా సమయం పడుతుంది, ఈలోగా బద్ద జారుతుంది. ఆరాక కూడా నున్నటి ఎనామిల్ మీద దాని పట్టు అంతంతమాత్రమే. కాబట్టి ఈ జిగురు వాడాలంటే గుమ్మం మీద రంగు గీకి చెక్క బయట పెట్టాలి. అలా చేస్తే మాత్రం దీన్ని మించింది లేదు. నీళ్లకి తట్టుకునే రకం, డబ్బా మీద మెరైన్ అనో వాటర్‌ప్రూఫ్ అనో ఉన్నది తీసుకోండి. మామూలు రకం ముసురు రోజుల్లో మళ్లీ మెత్తబడుతుంది.

గోడలకీ, రంగు పూర్తిగా తీయలేని చోట్లకీ సిలికాన్ గన్‌లో పెట్టి పిండే నిర్మాణ జిగుళ్లు వాడాలి. హార్డ్‌వేర్ షాపులో మేకులు అక్కర్లేని జిగురు అని అడిగితే ఇస్తారు. వీటిలో నీటితో చేసినవాటికి కనీసం ఒక వైపు పీల్చుకునే ఉపరితలం ఉండాలి, పాలిష్ చేయని బద్ద వీపు ఆ పని చేస్తుంది. హైబ్రిడ్ పాలిమర్ రకం ధర ఎక్కువే గానీ రెండు వైపులా నున్నగా ఉన్నా పట్టుకుంటుంది, ఆరాక కాస్త సాగే గుణం కూడా ఉంటుంది. వానాకాలం ఉబ్బి వేసవిలో కుదించుకునే మన చెక్కకి ఆ సాగే గుణం చాలా మేలు చేస్తుంది. డబ్బు పెట్టగలిగితే నా ఓటు దానికే. 300 మిల్లీలీటర్ల గొట్టం ఐదు మిల్లీమీటర్ల లావు ధారగా పిండితే సుమారు 50 అడుగులు వస్తుంది. పైన చెప్పిన లెక్కన రెండు గుమ్మాలు చుట్టాక కూడా మిగులుతుంది.

మైకా అతికించే పసుపుపచ్చ రబ్బరు జిగురుతో జాగ్రత్త. అది రెండు వైపులా రాసి, పది పదిహేను నిమిషాలు ఆరనిచ్చి అతికిస్తారు. తాకగానే పట్టేస్తుంది, సరిచేసుకునే అవకాశం ఉండదు. పైగా అందులోని థిన్నరు కొన్ని రంగుల్ని, ముఖ్యంగా కొత్త ఎనామిల్‌ని ముడతలు పడేలా చేస్తుంది. దేవుడి గది దగ్గర పని అయితే దీపం, అగరొత్తులు ఆర్పి, కిటికీలు తెరిచి గానీ డబ్బా మూత తీయొద్దు, దాని ఆవిరి అంటుకుంటుంది.

గన్ అదే అయినా సిలికాన్ సీలెంటు మాత్రం ఈ పనికి వద్దు. అది ఒకసారి అంటిన చోట మళ్లీ రంగు పట్టదు, వేరే జిగురూ పట్టదు. కరిగించి పిండే గ్లూ గన్ కూడా ఎండ తగిలే గుమ్మాలకి పనికిరాదు, వేడికి మెత్తబడుతుంది.

కడగడం, గీకడం, గరుకు చేయడం

మన గుమ్మాలకి ఉన్న భాగ్యమే ఇక్కడ చిక్కు కూడా. శుక్రవారం శుక్రవారం పసుపు రాస్తాం, బొట్లు పెడతాం, పండక్కి మామిడి తోరణం కడతాం, దీపపు మసి పడుతుంది, పిల్లల తల నూనె చేతులు తగులుతాయి. ఏళ్ల తరబడి పేరుకున్న ఆ జిడ్డు కంటికి కనిపించదు. ఉప్పు కాగితం ముందే పడితే జిడ్డు గీతల్లోకి దిగిపోతుంది. కాబట్టి ముందు కడగడం, తర్వాతే గీకడం. ఈ వరస మార్చొద్దు.

లీటరు గోరువెచ్చని నీళ్లలో ఒక చెంచాడు చాకలి సోడా కలిపి, చేతులకి తొడుగులు వేసుకుని, పాత టూత్‌బ్రష్‌తో మూలలు సహా రుద్దండి. తర్వాత రెండుసార్లు మంచినీళ్లతో తుడవండి. సోడా మిగిలిపోతే అదీ జిగురుకి శత్రువే. కడిగాక కొన్ని నీళ్లు చల్లి చూడండి. నీళ్లు పలచగా పరుచుకుంటే శుభ్రమైనట్టు, ముత్యాల్లా బొట్లు కడితే ఇంకా నూనె ఉన్నట్టు. ఒక పూటంతా ఆరనివ్వండి.

ఇప్పుడు బద్దని దాని చోట పట్టుకుని రెండు అంచుల వెంటా సన్నగా పెన్సిల్ గీయండి. ఆ రెండు గీతల నుంచి రెండేసి మిల్లీమీటర్లు లోపలికి వదిలి, మధ్య మేర మాత్రమే పని చేయాలి. అంచుల్లో రంగు అలాగే ఉంటే బద్ద పెట్టాక గీకిన గుర్తు బయటికి కనబడదు. గీతల బయట మాస్కింగ్ టేపు వేసుకుంటే చెయ్యి జారినా నష్టం లేదు.

టేపు పరీక్ష నెగ్గిన రంగైతే 120 నంబరు ఉప్పు కాగితంతో మెరుపు పూర్తిగా పోయేదాకా రుద్దితే చాలు. పక్కనుంచి టార్చి వేసి చూడండి, ఎక్కడా నిగనిగ కనిపించకూడదు. పరీక్ష తప్పిన రంగైతే ఉలితోనో లప్పం పట్టే రేకుతోనో ఆ మధ్య మేర చెక్క దాకా, గోడైతే సిమెంటు పూత దాకా గీకేయాలి. గోడకి గీకిన చోట దుమ్ము తుడిచి ఒక పూత ప్రైమర్ వేసి ఆరనిస్తే మిగిలిన పొడిని అది కట్టి పడేస్తుంది. సున్నం గోడకి ఇది తప్పనిసరి.

పాత ఎనామిల్ గీకేటప్పుడు ఒక హెచ్చరిక. ఇళ్లకి వేసే రంగుల్లో సీసం పది లక్షల భాగాలకి 90 భాగాలు మించకూడదన్న నిబంధన మన దేశంలో అమల్లోకి వచ్చింది 2017 నవంబరులో. అంతకు ముందువాటిలో, ముఖ్యంగా పసుపు, ఎరుపు, ఆకుపచ్చ రంగుల్లో సీసం బాగా ఎక్కువ ఉండే అవకాశం ఉంది. పొడిగా గీకి దుమ్ము లేపొద్దు. నీళ్లు చల్లుకుంటూ తడి ఉప్పు కాగితంతో రుద్దండి, మూతికి మంచి మాస్కు కట్టుకోండి, చిన్నపిల్లల్నీ గర్భిణుల్నీ ఆ చుట్టుపక్కలకి రానివ్వొద్దు. రాలింది తడిగుడ్డతో ఎత్తి కవరులో కట్టి పారేయండి. వాకిట్లో ఊడ్చేయడం, కాలవలో కలపడం చేయొద్దు. ఇది భయపెట్టడానికి రాయడం లేదు, నాకు తెలిసిన ప్రతి ఇంట్లోనూ ఈ పని పిల్లలు చుట్టూ మూగి చూస్తుండగానే జరుగుతుంది, అందుకు రాస్తున్నాను.

బద్ద వీపు సంగతి కూడా చూడాలి. టేకులో సహజంగానే నూనె ఉంటుంది, జిగురుని అది పక్కకి నెడుతుంది. అతికించే రోజే వీపుని ఉప్పు కాగితంతో రుద్ది, థిన్నరులోనో ఎసిటోన్‌లోనో ముంచిన తెల్లగుడ్డతో తుడవండి. గుడ్డ గోధుమరంగుకి తిరుగుతుంది. అది ఆరగానే, గంటలోపే జిగురు రాసేయాలి. మర్నాటికి వదిలితే నూనె లోపలినుంచి మళ్లీ పైకి వస్తుంది. బద్ద ముందు వైపుకి పాలిష్ ముందుగానే వేసుకోవచ్చు, వీపుకి మాత్రం ఏ పూతా తగలనివ్వొద్దు.

మూల కోత

పాత గుమ్మాల మూలలు మూలమట్టానికి సరిపోవడం అరుదు. అందువల్ల కళ్లు మూసుకుని 45 డిగ్రీలకి కోస్తే ఒక వైపు సందు వస్తుంది. మా ఊరి వడ్రంగి మేస్త్రి ఒకాయన, నేను బాబాయ్ అని పిలిచే పెద్దమనిషి, నేర్పిన పద్ధతి ఇది. “కొలతబద్ద పక్కన పెట్టండి బాబూ, గుమ్మాన్నే అడుగుదాం” అనేవాడు. మిగిలిన బద్ద ముక్కని నిలువు వైపు సరిగ్గా దాని చోట పెట్టి, మూల దాటి పైకి వచ్చేలా రెండంచులూ పెన్సిల్‌తో గీస్తాడు. అదే ముక్కని అడ్డం వైపు పెట్టి మళ్లీ రెండంచులూ గీస్తాడు. నాలుగు గీతలూ ఒకదాన్నొకటి కోసుకుని మూలలో చిన్న పెట్టె ఏర్పడుతుంది. ఆ పెట్టె లోపలి కొస నుంచి బయటి కొసకి గీసిన గీతే ఆ మూలకి సరైన కోత. ఆ గీతనే బద్ద మీదికి దించుకోవాలి.

కోత ఎప్పుడూ ఒక మిల్లీమీటరు పొడవుగా కోసి, ఉప్పు కాగితం చెక్కకి చుట్టి రుద్దుతూ సరిచేయండి. పొట్టిదాన్ని పొడవు చేయలేం. అన్ని ముక్కలూ జిగురు లేకుండా ఒకసారి నిలబెట్టి చూసుకుని, వెనక నంబర్లు వేసుకున్నాకే ముందుకి వెళ్లండి. కోసిన కొసలకి పలచటి జిగురు ఒక పూత రాసి ఆరనిస్తే తడి అక్కడినుంచి లోపలికి పీల్చుకోదు.

అతికించడం

పైన అడ్డం బద్దతో మొదలుపెట్టండి. నిలువులు దాని కిందికి వచ్చి ఆనితే మూలలు బాగా కుదురుతాయి.

గన్ జిగురైతే బద్ద వీపు మధ్యలో పాములా మెలికలు తిరిగే సన్న ధార వేయండి. అంచులకి పావు అంగుళం దూరంలో ఆపండి, సన్న బద్దైతే మధ్యలో ఒక్క తిన్నటి ధార చాలు. కొసలకి అంగుళం దూరంలో ఒక చుక్క తప్పకుండా ఉండాలి, ఎందుకంటే ఊడడం ఎప్పుడూ కొసల దగ్గరే మొదలవుతుంది. తెల్ల జిగురైతే బద్ద వీపుకీ, గీకిన చెక్కకీ రెండింటికీ పలచగా బ్రష్‌తో రాయండి. ఎక్కువ రాస్తే ఎక్కువ పట్టదు, జారుతుంది అంతే.

బద్దని గీతల మధ్య ఆనించి, ఒక కొస నుంచి రెండో కొసకి బొటనవేళ్లతో నొక్కుకుంటూ వెళ్లండి. నొక్కేటప్పుడు బద్దని పొడవునా గోరంత అటూ ఇటూ జరపండి, లోపల గాలి బుడగలు పోయి జిగురు పరుచుకుంటుంది. అంచు నుంచి పొంగిన జిగురుని వెంటనే తీసేయండి. తెల్ల జిగురుకీ నీటితో చేసిన గన్ జిగురుకీ తడిగుడ్డ చాలు. హైబ్రిడ్ రకానికి పొడిగుడ్డతో తుడిచి, పాలిష్‌కి తగలకుండా చూసుకుంటూ స్పిరిట్ గుడ్డ వాడండి.

పట్టి ఉంచడం

అతికించే పనిలో అన్నిటికంటే తక్కువ శ్రద్ధ పెట్టేది దీని మీదే. గన్ జిగుళ్లు అరగంటలో నిలదొక్కుకుంటాయి గానీ బలం రావడానికి ఒక రోజు పడుతుంది. తెల్ల జిగురుకి రాత్రంతా బిగింపు ఉండాలి.

సన్న బద్దకి ప్రతి జానెడుకీ మాస్కింగ్ టేపు అడ్డంగా లాగి కడితే సరిపోతుంది. మర్నాడు తీసేయండి, ఎండాకాలం ఇంకా ఉంచితే దాని బంక రంగుకి పట్టేస్తుంది. పీకేటప్పుడు వాలుగా, నెమ్మదిగా లాగితే ఎమల్షన్ లేవదు.

గుమ్మం లోపలి చెక్కలకి, అంటే ఎదురెదురు నిలువులకి, మన దగ్గర ఊరికే దొరికే గొప్ప సాధనం ఒకటి ఉంది. వెదురు బద్ద. రెండు నిలువుల మధ్య దూరం కంటే రెండంగుళాలు పొడవున్న వెదురు బద్దని విల్లులా వంచి మధ్యలో ఇరికించండి. అది తిన్నబడాలని చూస్తూ రెండు వైపులా సమానంగా నొక్కుతుంది, రాత్రంతా అలసిపోకుండా. కొసల కింద గుడ్డ మడత పెడితే పాలిష్ నలగదు. ఒక్కో నిలువుకి ఇలాంటివి నాలుగైదు పెట్టండి. గోడ మీది బద్దకైతే గచ్చు మీంచి ఏటవాలుగా వెదురు కర్ర ఆనించి, కర్ర అడుగు జారకుండా ఒక ఇటుక అడ్డం పెట్టండి.

టేపు వేయలేని చోట ఇంకో ఉపాయం ఉంది. జిగురు ధార మధ్య రెండు మూడు చోట్ల అంగుళం ఖాళీ వదిలి, అక్కడ ఫెవిక్విక్ చుక్క పెట్టి నొక్కండి. ఆ చుక్కలు అసలు జిగురు ఆరేదాకా పట్టి ఉంచుతాయి. ఇక మేకులు కొట్టాల్సి వస్తే తల లేని సన్నవి, ఇత్తడివో స్టెయిన్‌లెస్‌వో కొట్టండి. అంతర్వేది, ఓడలరేవు వైపు ఉప్పుగాలికి ఇనుప మేకు రెండు వానాకాలాల్లో తుప్పు పట్టి టేకు మీద నల్లటి కన్నీటి చారలా దిగుతుంది.

ఆ తర్వాత

ఒక రోజు గడిచాక మూలల్లో సందులుంటే రంపపు పొట్టుని తెల్ల జిగురులో ముద్దలా కలిపి నింపండి. ఆ పొట్టు మీరు కోసిన బద్దదే అయితే రంగు దగ్గరగా ఉంటుంది. బద్దకీ గోడకీ మధ్య సందు ఉంటే రంగు పట్టే ఆక్రిలిక్ సీలెంటు సన్నగా పిండి తడి వేలితో నున్నగా లాగండి. ఇది అందం కోసమే కాదు, ఆ సందులోంచే తడీ చెదా దారి వెతుక్కుంటాయి.

వారం రోజులు ఆ గుమ్మం కడగొద్దని ఇంట్లో అందరికీ చెప్పండి. తోరణం మేకులు బీడింగ్‌కి కొట్టొద్దు. కట్టడానికి రెండు చిన్న ఇత్తడి కొక్కేలు పాత చెక్కలోకి దించి ఉంచితే ప్రతి పండక్కీ పనికొస్తాయి. పసుపు రాసే గడప దగ్గర బద్దని గచ్చుకి ఆనించకుండా రెండు మిల్లీమీటర్లు పైకి ఆపి ఆ సందులో సీలెంటు పెట్టండి. నీళ్లు పీల్చే మొదటి చోటు అదే.

ఊడిన బద్ద, మార్చాల్సిన బద్ద

ఊడిన బద్దని అలాగే మళ్లీ జిగురు రాసి పెట్టొద్దు. వీపు తిప్పి చూడండి. రంగు పెచ్చు అంటి ఉంటే మా గుమ్మం కథే, రంగు గీకాలి. జిగురు మొత్తం బద్ద మీదే నున్నగా ఉండి గోడ శుభ్రంగా ఉంటే రంగు మీద జిడ్డో మెరుపో మిగిలిపోయింది. జిగురు మొత్తం గోడ మీదే ఉండి బద్ద వీపు శుభ్రంగా ఉంటే టేకు నూనె తుడవలేదని అర్థం. రెండు వైపులా ఉన్న జిగురు మధ్యలో తెల్లగా, మెత్తగా చీలితే తడి చేరింది, లేదా ఆరకముందే కదిలించారు. కారణం ఏదైనా పాత జిగురు రెండు వైపులా పూర్తిగా గీకేశాకే కొత్తది రాయాలి, ఎండిన జిగురు మీద కొత్త జిగురు పట్టదు.

గట్టిగా అంటి ఉన్న బద్దని తీయాల్సి వస్తే ఉలితో పెళ్లగించొద్దు, గోడ పెచ్చులూడుతుంది. ముందు బ్లేడుతో అంచు వెంట సీలెంటూ రంగూ కోయండి. హెయిర్ డ్రయ్యర్‌తో ఒక్కో జానెడూ వేడి చేయండి. తర్వాత చేపల వలకి వాడే లావాటి నైలాన్ తాడు బద్ద వెనక్కి దూర్చి, రెండు కొసలూ కర్రముక్కలకి చుట్టి పట్టుకుని, రంపం లాగినట్టు అటూ ఇటూ లాగుతూ కిందికి దిగండి. జిగురు మధ్యకి తెగుతుంది, గోడా బద్దా రెండూ దక్కుతాయి. మా దేవుడి గది గుమ్మానికి మిగిలిన రెండు బద్దల్నీ నేను అలాగే తీసి, రంగు గీకి, మళ్లీ అవే పెట్టాను.